స్వల్పంగా ఉన్న మొటిమలకు యాంటీబయాటిక్ మాత్రలు ఆన్‌లైన్‌లో కొనొచ్చా?

సన్నజాజి:
అందరికీ నమస్కారం. నుదుటి మీదా గడ్డం చుట్టూ మొటిమలు చాలాకాలంగా వదలట్లేదు. ఎక్కువ భాగం చేతికి గరుకుగా తగిలే చిన్న తెల్ల పొక్కులు, ముక్కు పక్కన నల్ల చుక్కలు. అప్పుడప్పుడు ఒకటో రెండో ఎర్రబడి చీము పడతాయి, వాటంతటవే మానిపోతాయి. నొప్పి పెద్దగా లేదు కానీ అద్దం చూడబుద్ధి కావట్లేదు, ఎవరైనా ఫొటో తీస్తుంటే పక్కకి తప్పుకుంటున్నాను. నా స్నేహితురాలికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్రలతో ముఖం బాగుపడిందట. ఒక సైటు వాళ్లు ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఇంటికి పంపుతారని చెప్పింది. ఇంత చిన్న విషయానికి డాక్టరు ముందు కూర్చోవాలంటే మొహమాటంగా ఉంది. నమ్మదగ్గ సైటు ఏదో, మోసం ఏదో ఎలా గుర్తుపట్టాలి? ఎన్నాళ్లు వాడాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గాజుసీసా:
సన్నజాజి గారూ, నేను ఫార్మసిస్టుని. మీరు అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు మీరు రాసిన వాక్యంలోనే ఉంది. "ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు" అని చెప్పి డాక్సీసైక్లిన్ అమ్మే సైటు నమ్మదగ్గది కాదు. ఆ ఒక్కటి చూసి పక్కన పెట్టేయొచ్చు. చాలా దేశాల్లో ఈ మందు డాక్టరు రాస్తేనే ఇవ్వాలి. ఆ నియమాన్నే లెక్కచేయనివాడు మాత్ర లోపల ఏముందో, దాన్ని ఏ ఎండలో నిలవ ఉంచాడో పట్టించుకుంటాడని నేను అనుకోను.

చిరునామా దాచిపెట్టి మందులు అమ్మే అక్రమ సైట్లలో కొన్నవాటిలో సగానికి పైగా నకిలీవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. నకిలీ అంటే వట్టి పిండి మాత్రే కానక్కర్లేదు. అసలు మందు తక్కువ మోతాదులో ఉండొచ్చు, వేరే మందు ఉండొచ్చు, పెట్టె మీద గడువు తేదీ మార్చి అతికించిన పాత సరుకు కావచ్చు. యాంటీబయాటిక్ విషయంలో తక్కువ మోతాదు మరీ ప్రమాదం. బ్యాక్టీరియా చావదు, మందుకి అలవాటు పడుతుంది.

రాత్రిబండి:
ఇలా అడిగినవాళ్లందరికీ "డాక్టరు దగ్గరికి వెళ్లండి" అనే ఒక్క మాటే వినిపిస్తుంది. నా మాట కూడా వినండి. స్కిన్ స్పెషలిస్టు లేని చోట ఉండేవాళ్లున్నారు. ఉన్నా అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పట్టేవాళ్లున్నారు. సెలవు పెడితే ఆ రోజు కూలీ పోయేవాళ్లున్నారు. వాళ్లకి ఆన్‌లైన్ ఒక్కటే దారి. ఆ దారిలో ఎలా వెళ్లాలో చెప్పకుండా వెళ్లొద్దంటే, వాళ్లు అడగడం మానేసి చెడ్డ సైటులో కొనేస్తారు.

గాజుసీసా:
రాత్రిబండి గారూ, మీ మాట నిజం. ఆన్‌లైన్‌లో కొనడమే తప్పని నేను అనలేదు, సరైన ఆన్‌లైన్ ఫార్మసీలు ఉన్నాయి. వాటిని పోల్చుకునే పద్ధతి చెప్తాను.

మొట్టమొదట, మందుల షాపులకి లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ మీ దేశంలో ఏదో తెలుసుకుని, దాని సైటులోని జాబితాలో ఆ ఫార్మసీ పేరు వెతకండి. అమ్మేవాడి పేజీలో కనిపించే ముద్రని మాత్రం నమ్మొద్దు, ముద్ర బొమ్మని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2015 నుంచి ఆన్‌లైన్ ఫార్మసీలన్నీ ఒకే లోగో పెట్టుకోవాలి. దాన్ని నొక్కితే ఆ దేశపు ప్రభుత్వ జాబితాలో ఆ షాపు పేరు తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే అది బొమ్మే. బ్రిటన్‌లో అయితే జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ రిజిస్టరులో వెతకొచ్చు. అమెరికాలో చిరునామా చివర డాట్ ఫార్మసీ అని ఉండే సైట్లని అక్కడి ఫార్మసీ బోర్డుల సంఘం పరిశీలించాకే అనుమతిస్తుంది.

తర్వాత, ఫోన్ చేసి "ఫార్మసిస్టుతో మాట్లాడాలి" అనండి. మాట్లాడిస్తారా, మాట మారుస్తారా అన్నదాన్ని బట్టి చాలా తెలుస్తుంది. ఆన్‌లైన్ డాక్టరే మందు రాస్తే, ఆ డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వాలి. ముఖం ఫొటోలు అడగాలి. మీ వయసు, ఏ మందైనా పడదా, ఇప్పుడు ఏం వాడుతున్నారు, గర్భం ఉందా అని అడగాలి. పేరూ చిరునామా తీసుకుని నేరుగా డబ్బు కట్టే పేజీకి తీసుకెళ్తే వెనక్కి వచ్చేయండి. క్రిప్టో కరెన్సీలోనో నేరుగా ఎవరి ఖాతాలోకో డబ్బు పంపమనేవాళ్లు, మిగతా అందరికంటే విపరీతంగా తక్కువ ధర చూపించేవాళ్లు, అడగని మందు కూడా "ఉచితం" అని జతచేసేవాళ్లు ఎవరైనా సరే, వద్దు.

కాగితంపడవ:
చివరి మాట నాకు అనుభవమే. ఒక సైటు నుంచి (పేరు చెప్పను) అజిత్రోమైసిన్ తెప్పించాను. డబ్బా లేదు, రెండు స్ట్రిప్పులు రబ్బరు బ్యాండు వేసి ఒక కవరులో వచ్చాయి. ఒక స్ట్రిప్పు మీద బ్యాచ్ నంబరు గీకేసి ఉంది. మాత్రల రంగు కూడా రెండింట్లో కొంచెం తేడా. తెరవకుండా దగ్గర్లోని మందుల షాపులో చూపించాను. వాళ్లు వేసుకోవద్దన్నారు, మందుల నియంత్రణ అధికారులకి ఎలా ఫిర్యాదు చేయాలో చెప్పారు.

గాజుసీసా:
సరిగ్గా చేశారు. మిగతావాళ్లు కూడా గమనించండి. డబ్బా మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ లోపలి స్ట్రిప్పు మీద ఉన్నవాటితో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. సీలు తెరిచి అతికించినట్టు ఉండకూడదు. అక్షరదోషాలు, వెలిసిన అచ్చు, మీకు రాని భాషలో ఉన్న కరపత్రం, పొడి రాలే మాత్ర, మామూలుగా రాని వాసన — ఏదున్నా వేసుకోకండి. పారేయకండి కూడా, ఫిర్యాదుకి ఆ కవరే సాక్ష్యం.

తెల్లకోటు:
చర్మవ్యాధుల డాక్టరుని. ఎక్కడ కొనాలి అన్న చర్చ బాగుంది, కానీ సన్నజాజి గారికి ఆ మాత్ర అవసరమా అన్నది ఇంకా ఎవరూ అడగలేదు. ఫొటో చూడకుండా రోగ నిర్ధారణ చేయలేను. మీరు రాసిన లక్షణాల ప్రకారం, తెల్ల పొక్కులు, నల్ల చుక్కలు, ఎప్పుడో ఒక చీము మొటిమ ఉంటే దాన్ని స్వల్పమైన మొటిమలే అంటాం. దానికి యాంటీబయాటిక్ మాత్ర మొదటి మందు కాదు.

ఎందుకో చెప్తాను. మొటిమ మొదలయ్యేది బ్యాక్టీరియాతో కాదు. వెంట్రుక కుదురు దగ్గర చర్మపు మృతకణాలు అతుక్కుని రంధ్రాన్ని మూసేస్తాయి. యాండ్రోజెన్ హార్మోన్ల వల్ల నూనె గ్రంథులు జిడ్డు తయారుచేస్తూనే ఉంటాయి, అది బయటికి రాలేక లోపలే పేరుకుంటుంది. రంధ్రం పూర్తిగా మూసుకుంటే తెల్ల పొక్కు, నోరు తెరిచి ఉంటే నల్ల చుక్క. ఆ నలుపు మురికి కాదు, అందుకే ఎంత రుద్దినా పోదు. ఆ జిడ్డులో బ్యాక్టీరియా పెరిగి, దానికి శరీరం స్పందించి వాపు వచ్చినప్పుడే ఎర్ర మొటిమ, చీము మొటిమ. డాక్సీసైక్లిన్ పనిచేసేది ఈ చివరి మెట్టు మీద. మీకున్న పొక్కుల్లో ఎక్కువ భాగం మొదటి మెట్టువి. మూసుకున్న రంధ్రాన్ని ఆ మాత్ర తెరవలేదు.

రంధ్రాన్ని తెరిచేవి రెటినాయిడ్ పూతమందులు. వాటిలో అడాపలీన్ 0.1 శాతం జెల్ చర్మానికి కొంచెం తేలిక. దాన్ని 2016 నుంచి అమెరికాలో చీటీ లేకుండానే అమ్ముతున్నారు, చాలా దేశాల్లో మాత్రం ఇప్పటికీ డాక్టరు రాయాలి. బ్యాక్టీరియా మీద పనిచేసే బెంజాయిల్ పెరాక్సైడ్ చాలాచోట్ల నేరుగా దొరుకుతుంది. 2.5 శాతం చాలు. 10 శాతం కొంటే మంట పెరుగుతుంది తప్ప ఫలితం అంతకంతా పెరగదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా స్వల్ప, మధ్యస్థ మొటిమలకి ముందు చెప్పింది 12 వారాల పూతమందు జంటలే, మాత్రలు కావు.

చిగురుటాకు:
డాక్టరు గారూ, మా అబ్బాయికి పదిహేనేళ్లు. వాళ్ల అక్కకి దంతాల ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చిన యాంటీబయాటిక్ మిగిలితే, ముఖానికి వేసుకుంటానని పట్టుబడుతున్నాడు. ఏదో ఒక యాంటీబయాటిక్ అయితే చాలు కదా అంటాడు. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

తెల్లకోటు:
ఇవ్వొద్దమ్మా. దంతాలకి సాధారణంగా రాసే అమాక్సిసిలిన్ లాంటివి మొటిమలకి వాడే మందులు కావు. యాంటీబయాటిక్ అన్న పేరు ఒకటే అయినా ఒక్కొక్కటి ఒక్కో రకం బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. మిగిలిన నాలుగు మాత్రలతో ఏ జబ్బుకీ పూర్తి వైద్యం కాదు. పాత మాత్రల సంగతి వేరే ఉంది. గడువు దాటిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 1960లలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. మందు తయారీ ఆ తర్వాత మారింది, అయినా ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్‌ని మందుల షాపులో తిరిగి ఇచ్చేయడమే మేలు. అబ్బాయిని కోప్పడకండి. ఆ వయసులో ముఖం మీద మొటిమ చిన్న బాధ కాదు. బెంజాయిల్ పెరాక్సైడ్ తెచ్చివ్వండి, మచ్చలు పడుతున్నట్టు కనిపిస్తే డాక్టరుకి చూపించండి.

సూక్ష్మదర్శిని:
మైక్రోబయాలజీ చదువుతున్నాను, ఒక విషయం చెప్పాలనిపించింది. మొటిమల్లో పెరిగే ఈ బ్యాక్టీరియా పేరు ప్రొపియోనిబ్యాక్టీరియం యాక్నెస్ అని పాత పుస్తకాల్లో ఉంటుంది, 2016లో క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్‌గా మార్చారు. ఇది మన ఒంటికి పరాయిది కాదు, మొటిమలు లేనివాళ్ల చర్మం మీద కూడా ఉంటుంది. యాంటీబయాటిక్ మందులైన ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్‌లకి లొంగని రకాలు ఇప్పుడు ప్రపంచమంతా వ్యాపించాయి. మొటిమలకి ఆ మందుల్ని ఏళ్ల తరబడి ఒంటరిగా వాడటం దీనికి పెద్ద కారణం.

మాత్ర మింగితే దాని ప్రభావం ముఖం దగ్గర ఆగదు. చర్మం మీది స్టాఫిలోకాకస్, గొంతులో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా అన్నీ ఆ మందుని చవిచూస్తాయి, అన్నిట్లోనూ మొండివి మిగులుతాయి. అవి ఇంట్లోవాళ్లకి కూడా అంటుకోవచ్చు. 2019 ఒక్క ఏడాదిలో మందులకి లొంగని బ్యాక్టీరియా కారణంగా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పారు, తెలియనివాళ్లు చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మొండికేస్తాయని. నేను రోజూ ల్యాబ్‌లో ఆ మొండితనాన్ని కళ్లారా చూస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

బెంజాయిల్ పెరాక్సైడ్ విషయంలో ఈ సమస్య లేదు. అది ఆక్సిజన్ విడుదల చేసి బ్యాక్టీరియాని చంపుతుంది, దానికి లొంగకుండా మారడం కనిపించలేదు. క్లిండామైసిన్ జెల్ రాసినా పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాలనేది ఇందుకే.

సన్నజాజి:
ఇన్ని వివరాలు ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాత్రల ఆలోచన పక్కన పెట్టాను. మరి ఈ పూతమందులు ఎలా రాసుకోవాలి? ఇంతకుముందు ఒక క్రీము రాస్తే ముఖమంతా పొట్టు లేచి వారంలో మానేశాను.

తెల్లకోటు:
చాలామంది ఆగిపోయేది అక్కడే, కాబట్టి ఇది నిదానంగా చదవండి.

కొత్త మందుని మొదటి రోజే ముఖమంతా పట్టించొద్దు. దవడ కింద చిన్న చోట మూడు రోజులు రాసి చూడండి. అరుదుగానైనా బెంజాయిల్ పెరాక్సైడ్, శాలిసిలిక్ యాసిడ్‌లతో తీవ్రమైన అలర్జీ వస్తుంది. పెదాలో కళ్లో వాచినా, గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లాలి.

రాత్రి ముఖాన్ని మెత్తటి క్లెన్సర్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. బఠానీ గింజంత అడాపలీన్ ముఖం మొత్తానికి సరిపోతుంది. నుదురు, బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలుచగా పరచండి. మొటిమ మీద మాత్రమే అద్దడం వల్ల లాభం లేదు, ఎందుకంటే రేపు రాబోయే మొటిమ ఇప్పుడు కంటికి కనపడని చోట మూసుకుంటోంది. కళ్ల చుట్టూ, పెదాల అంచుల్లో, ముక్కు మడతల్లో వద్దు. మొదట్లో రోజు విడిచి రోజు రాయండి. మంట ఎక్కువైతే ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద మందు రాసుకోవచ్చు. రెండు మూడు వారాల్లో చర్మం అలవాటు పడ్డాక రోజూ రాయొచ్చు. బెంజాయిల్ పెరాక్సైడ్ పొద్దున పూట పెట్టుకోండి. అది తువ్వాళ్ల, దిండు గలీబుల, బట్టల రంగు పోగొడుతుంది, తెల్లవి వాడండి. ట్యూబుని వేడి తగలని చోట ఉంచండి. పగలు సన్‌స్క్రీన్ తప్పదు, రంధ్రాలు మూయదని లేబుల్ మీద రాసి ఉన్నది చూసి కొనండి.

ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో మొటిమలు కొంచెం పెరిగినట్టు కూడా అనిపించొచ్చు. ఆ రోజుల్లోనే జనం ఆశ వదులుకుని మాత్రలు వెతుక్కుంటారు. దయచేసి ఆగండి. తగ్గాక కూడా అడాపలీన్ కొనసాగిస్తేనే మళ్లీ రాకుండా ఉంటుంది. గిల్లొద్దు, నొక్కొద్దు. మన చర్మపు ఛాయలో మొటిమ కంటే అది వదిలే నల్లమచ్చే ఎక్కువకాలం ఉంటుంది.

వానచినుకు:
నేను ఇప్పుడు నాలుగో నెల గర్భిణిని. నాకూ ఇవే చెల్లుతాయా?

తెల్లకోటు:
లేదమ్మా. అడాపలీన్‌తో సహా ఏ రెటినాయిడ్ పూతమందూ గర్భంతో ఉన్నప్పుడు వద్దు. డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ కూడా వద్దు, బిడ్డ దంతాలు, ఎముకల మీద ప్రభావం చూపుతాయి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి కూడా మొటిమలకని వాటిని ఇవ్వం. అజెలాయిక్ యాసిడ్, కొద్దిచోట మాత్రమే రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ సాధారణంగా ఇబ్బంది లేనివి. మిమ్మల్ని చూస్తున్న ప్రసూతి డాక్టరుకి చెప్పి మొదలుపెట్టండి. తీవ్రమైన మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర మాత్రం ఇంట్లో కూడా ఉంచుకోవద్దు, అది బిడ్డకి తీవ్రమైన అవకరాలు తెస్తుంది. ఆ మందుని ఆన్‌లైన్‌లో పరీక్షలు లేకుండా అమ్మేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

కాగితంపడవ:
మా చెల్లెలి సంగతి చెప్తాను. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో చిన్న పొక్కులు, విపరీతమైన దురద. యాంటీబయాటిక్ వాడినకొద్దీ పెరిగాయి. చివరికి అవి మొటిమలే కావని తేలింది.

తెల్లకోటు:
అది మలసీజియా అనే ఫంగస్ వల్ల వచ్చే పొక్కులై ఉండొచ్చు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపితే ఫంగస్‌కి చోటు ఇంకా పెరుగుతుంది. దురద ఎక్కువగా ఉండటం, పొక్కులన్నీ ఒకేలా ఉండటం, నల్ల చుక్కలు లేకపోవడం గమనించాల్సినవి. అలాగే తెల్లబడటానికని స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసేవాళ్లకి కూడా మొటిమల్లాంటివే వస్తాయి. ట్యూబు మీద క్లోబెటాసోల్, బీటామెథసోన్, మోమెటసోన్ పేర్లుంటే స్టెరాయిడ్ అని గుర్తు. చాలాకాలం రాసి ఉంటే ఒక్కసారిగా ఆపినా ముఖం మండిపోతుంది, డాక్టరు సలహాతో ఆపాలి.

రాత్రిబండి:
ఒప్పుకుంటాను, స్వల్పమైన వాటికి మాత్ర అక్కర్లేదు. కానీ వీపంతా పుండ్లు పడ్డవాడికి కూడా ఇదే చెప్తే అన్యాయం. నాకు డాక్టరు రాసిన డాక్సీసైక్లిన్ నిజంగా మేలు చేసింది.

తెల్లకోటు:
నిజమే, దానిని తక్కువ చేయను. ఎర్ర మొటిమలు, చీము మొటిమలు ఎక్కువగా ఉన్నప్పుడు, ఛాతీ, వీపు మీదికి పాకినప్పుడు డాక్సీసైక్లిన్ లేదా లైమెసైక్లిన్ రాస్తాం. ఒంటరిగా ఎప్పుడూ రాయం, అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ తోడు ఉంటాయి. మూడు నెలల దగ్గర ఆగి చూస్తాం, మెరుగైతే మాత్ర ఆపి పూతమందు కొనసాగిస్తాం. లోతుగా గడ్డలు కట్టి గుంటలు పడుతుంటే ఆలస్యం చేయకుండా స్పెషలిస్టుని కలవాలి. ఆడవాళ్లలో నెలసరి తప్పుతూ, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతుంటే హార్మోన్ల పరీక్ష కూడా చేయించాలి.

గాజుసీసా:
డాక్టరు రాసినవాళ్లకి నా వంతు మాట. డాక్సీసైక్లిన్ మాత్రని నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట నడుం వాల్చకండి. గొంతులో ఇరుక్కుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలు, యాంటాసిడ్‌లు దాన్ని ఒంటపట్టనివ్వవు, వాటికీ దీనికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. ఎండలో చర్మం త్వరగా కమిలిపోతుంది. ఎప్పుడూ లేని తలనొప్పి, చూపు మసకబారడం, ఆగని విరేచనాలు మొదలైతే మాత్ర ఆపి డాక్టరుకి చెప్పండి. ఐసోట్రెటినాయిన్‌తో కలిపి దీన్ని ఎప్పుడూ వేసుకోకూడదు, మెదడులో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. నెట్‌లో సొంతంగా కొనుక్కున్నవాళ్లకి ఇవన్నీ చెప్పే మనిషి ఉండడు.

సన్నజాజి:
మొన్న లైసెన్సు జాబితాలో ఉన్న ఒక ఆన్‌లైన్ ఫార్మసీలో వీడియో సంప్రదింపు తీసుకున్నాను. మొహమాటపడినంత కష్టం కాలేదు. ఫొటోలు అడిగారు, గర్భం గురించి అడిగారు. అడాపలీన్, 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ రాశారు, మాత్రలు వద్దన్నారు. డబ్బా మీదా ట్యూబు మీదా బ్యాచ్ నంబరు కలిసింది. రాత్రి రాస్తే కాసేపు చురుక్కుమంటోంది, పొద్దున్నకి బుగ్గల మీద సన్నగా పొట్టు. ఆపాలా?

తెల్లకోటు:
చురుకు కాసేపట్లో తగ్గిపోతుంటే ఆపక్కర్లేదు. రెండు రాత్రులు విరామం ఇచ్చి, మాయిశ్చరైజర్ మాత్రమే రాయండి. తర్వాత వారంలో మూడు రాత్రులతో మళ్లీ మొదలుపెట్టండి. ఈలోగా స్క్రబ్బులు, టోనర్లు, శాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ ఏవైనా వాడుతుంటే పక్కన పెట్టేయండి. చర్మం పగిలి నీరు కారితే మాత్రం ఆపి, ఆ సంప్రదింపు డాక్టరుకి అదే రోజు ఫొటో పంపండి. కళ్లు వాస్తే ముందు చెప్పినట్టు వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి.